‘నిజమే, కానీ…’ అని రోజుకు ఎన్నిసార్లు వింటున్నారు?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఒక సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కుటుంబ కలహాలు, తాగుడు, పిల్లల చదువులు, అప్పుల గొడవలు, అన్నీ మా దగ్గరకే వస్తాయి. రోజుకు ఏడెనిమిది మందితో మాట్లాడతాను. మొదట్లో ఈ ఉద్యోగమంటే నాకు ప్రాణం. ఇప్పుడు పొద్దున లేవగానే ఈ రోజు ఎంతమంది అని లెక్క వేసుకుంటున్నాను. చెప్పిన సలహా ఒక్కరూ పాటించరు. నెల తిరగ్గానే అదే కష్టంతో మళ్లీ వస్తారు. పోయిన వారం ఒకావిడ ఏడుస్తూ తన గోడు చెబుతోంది. ఆవిడ మాట పూర్తికాకముందే ఫైల్లో ‘ఇచ్చిన సలహా’ అన్న గడి నింపేశాను. ఆవిడ అది చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపు నన్ను వదలడం లేదు. ఇంట్లో మా అమ్మాయి ఏదైనా చెప్పబోతే ‘తర్వాత’ అంటున్నాను. తోటి ఉద్యోగిని ‘గుండె బండ చేసుకో, లేకపోతే ఈ పనిలో నెగ్గుకురాలేవు’ అంటుంది. ఈమధ్య క్లయింటు కేంద్రిత కౌన్సెలింగ్ మీద మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఇంకా ఎక్కువ వినండి, ఇంకా లోతుగా అర్థం చేసుకోండి అన్నారు. విని విని అలసిపోయిన మనిషిని ఇంకా వినమనడం మందు ఎలా అవుతుంది? అసలు నేను ఈ వృత్తికి పనికివస్తానా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నా కళ్లు ముందుగా ఆగింది ఆ ఫైలు దగ్గర. గడి నింపారు, ఆవిడ చూసింది, ఆ చూపు ఇప్పటికీ మిమ్మల్ని వెంటాడుతోంది. నిజంగా పనికిరాకుండా పోయిన మనిషికి అలాంటి చూపు గుర్తుండదు. అందుకే మీ చివరి ప్రశ్నకు ముందే జవాబు చెబుతున్నాను. మీరు ఈ వృత్తికి పనికివస్తారు. బాగా అలసిపోయి ఉన్నారు. ఆ అలసట ఎక్కడి నుంచి వస్తోందో ఇద్దరం కలిసి చూద్దాం.

దీనికి పేరుంది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త న్యూయార్క్‌లో డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే ఒక క్లినిక్‌లో పనిచేసేవాడు. సేవ చేద్దామని ఉత్సాహంగా వచ్చినవాళ్లు కొంతకాలానికే ఆరిపోయిన దీపాల్లా అయిపోవడం చూసి, 1974లో ఆ స్థితిని బర్న్‌అవుట్ అన్నాడు. దూరాన నిలబడి రాసిన మాటలు కావవి. ఆయన కూడా ఆ అలసటలో పడి లేచినవాడే. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే పరిశోధకులు 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసి, మూడు లక్షణాలు చెప్పారు. మనసు అడుగంటిపోవడం ఒకటి. ఎదుట కూర్చున్న మనిషి మనిషిలా కాకుండా ఒక కేసులా కనిపించడం రెండోది. ఎంత చేసినా చేసిందేమీ లేదనిపించడం మూడోది. పొద్దున్నే వేసుకునే లెక్క, ముందే నిండిన గడి, ‘ఒక్కరూ పాటించరు’ అన్న మాట. మీ ఉత్తరంలో ఆ మూడూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో దీన్ని రోగం అనలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చే వృత్తి సంబంధమైన స్థితి అంది. అంటే లోపం కోసం మీ స్వభావంలో వెతుక్కోనక్కరలేదు.

మీ తోటి ఉద్యోగిని మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆవిడ మీ మేలు కోరే చెప్పి ఉంటుంది, ఆవిడా అలాగే నెగ్గుకొస్తూ ఉండవచ్చు. కానీ గుండె బండ చేసుకోవడం ఈ అలసటకు మందు కాదమ్మా, పైన చెప్పిన రెండో లక్షణం అదే. బండ చేసుకున్న గుండెను సాయంత్రం ఇంటి గుమ్మంలో మళ్లీ మెత్తబరుచుకోవడం ఎవరికీ చేతకాదు. మీ అమ్మాయికి వినబడుతున్న ‘తర్వాత’ ఆ బండతనానికి మొదలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. విని విని అలసిపోయానన్నారు. నాకు అలా అనిపించడం లేదు. మీ రోజులో వినడం చాలా తక్కువ ఉంది. ఎక్కువగా ఉన్నది మోయడం. ఎదుటివాళ్ల జీవితాన్ని అరగంటలో చక్కదిద్ది పంపాలన్న బరువు మీ భుజాల మీద ఉంది. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మీరు లోపల జవాబు వెతుక్కుంటున్నారు. చెవులు వాళ్ల దగ్గర, బుర్ర సలహా దగ్గర. రోజుకు ఎనిమిదిసార్లు ఆ రెండు పనులూ ఒకేసారి చేస్తే ఎవరైనా అడుగంటిపోతారు.

నేను చూసిన పాతిక సంభాషణల్లో ఇరవై ఇలాగే నడుస్తాయి. ఒక తల్లి వచ్చి కూర్చుంటుంది. పదహారేళ్ల కొడుకు చదువు మానేశాడు.

‘అబ్బాయితో నెమ్మదిగా మాట్లాడి చూడండి.’

‘చూశానండీ. వినడు.’

‘వాళ్ల నాన్నగారితో చెప్పించండి.’

‘నిజమే, కానీ ఆయన ఇంట్లో ఉండేదెప్పుడు?’

‘ఒకసారి వాళ్ల మాస్టారిని కలవండి.’

‘నిజమే, కానీ నాకు పనిలో సెలవు దొరకదండీ.’

‘పోనీ, స్నేహితుల ద్వారా ప్రయత్నించండి.’

‘నిజమే, కానీ ఆ స్నేహితుల వల్లే కదండీ వాడు చెడింది.’

నాలుగు నిమిషాలు, నాలుగు సలహాలు. ఈ నాలుగు నిమిషాల్లో కష్టపడింది ఎవరు? కౌన్సెలర్. ఆ తల్లి చేసిందల్లా తన నిస్సహాయతను కాచుకోవడమే. ‘ఎందుకు కుదరదో’ నాలుగుసార్లు తన నోటితోనే చెప్పుకుంది కాబట్టి, వచ్చినప్పటికన్నా ఇప్పుడు ఆవిడకు ఇది కుదరదన్న నమ్మకం ఇంకా గట్టిపడింది. మీరు తాడును ఇటు లాగుతుంటే ఆవిడ అటు లాగక తప్పదు. తాడు కదలలేదు, ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి. తాగుడు మాన్పించే పనిలో ఈ తంతును ఎన్నోసార్లు చూసిన విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ దీనికొక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే, సరిదిద్దేయాలన్న తొందర. మంచి మనసున్నవాళ్లలోనే అది ఎక్కువగా ఉంటుందని కూడా వాళ్లు గుర్తించారు. మీకు ఆ తొందర ఉందంటే మీ మనసు మంచిదని అర్థం. కానీ ఆ తొందరే మిమ్మల్ని పీల్చేస్తోంది.

అదే తల్లి, అదే కుర్చీ. మరోలా చూద్దాం.

‘చెప్పగా చెప్పగా నా నోరు పడిపోయిందండీ. వాడు వినడు.’

‘ఇక చెప్పే ఓపిక కూడా మిగల్లేదు మీకు.’

ఆవిడ కాసేపు మాట్లాడదు. చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. మీరూ మాట్లాడరు.

‘చెప్పడం సంగతి అలా ఉంచండి. వాడు నా ముఖం చూడడం మానేశాడు.’

‘చదువు మానేసినదానికన్నా అదే ఎక్కువ కోస్తోంది మిమ్మల్ని.’

‘అవునండీ.’ మళ్లీ మౌనం. ఈసారి ఇంకా పొడుగ్గా. ‘రోజూ వాడు కనిపించగానే చదువు మాటే ఎత్తుతున్నాను. రేపు ఊరికే పక్కన కూర్చుంటాను. ఏమీ అనను.’

కౌన్సెలర్ చెప్పింది రెండే రెండు మాటలు. సలహా ఒక్కటీ లేదు. ఆవిడ తన సలహా తానే కనుక్కుంది, అందుకే ‘నిజమే, కానీ’ అనాల్సిన అవసరం రాలేదు. మనిషి తన మాటకు తాను ఎదురు చెప్పుకోదు కదా. ప్రతిసారీ ఇంత చక్కగా, ఇంత త్వరగా జరుగుతుందని నేను అనను. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి ఎప్పటికీ జరగదు. నేను మిమ్మల్ని గమనించమంటున్నది బరువు ఎవరి చేతుల్లో ఉందన్న సంగతి. మొదటి సంభాషణ తర్వాత మీకు తలనొప్పి వస్తుంది. రెండోదాని తర్వాత మనసు బరువెక్కవచ్చు, కానీ అలసట అదే కాదు.

మీ శిక్షణలో చెప్పిన క్లయింటు కేంద్రిత పద్ధతిని కనిపెట్టిన మానసిక శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్. ఇదంతా ఆయనకు కూడా ఒక తల్లి దగ్గరే తెలిసివచ్చింది. ఆయన 1928 నుంచి పన్నెండేళ్లు అమెరికాలోని రోచెస్టర్‌లో పిల్లల సంరక్షణ సంస్థలో పనిచేశాడు. ఒక అల్లరి పిల్లవాడి తల్లితో మాట్లాడుతూ, చిన్నతనంలో ఆవిడ వాణ్ణి దూరం పెట్టడమే అసలు కారణమని తేల్చుకున్నాడు. ఆ విషయం ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాలని ఓపికగా, మెత్తగా, ఎన్నో విధాల ప్రయత్నించాడు. ఫలితం లేదు. చివరికి మన ప్రయత్నం ఫలించలేదు, ఆపేద్దామన్నాడు. ఆవిడ సరేనంది. చేయి కలిపి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, పెద్దవాళ్లకు కూడా ఇక్కడ కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామన్నాక మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుని తన కాపురంలోని గోడంతా వెళ్లబోసుకుంది. అంతవరకు ఆయన రాసుకున్న చరిత్రకూ ఆవిడ చెప్పినదానికీ పోలికే లేదు. ఎక్కడ నొప్పి ఉందో, ఏ దారిన వెళ్లాలో తెలిసింది ఎదుటి మనిషికేనని తనకు ఆ రోజు తెలిసిందని ఆయనే రాసుకున్నాడు. 1942లో ఒక పుస్తకం, 1951లో మరొకటి, 1957లో ఒక ప్రసిద్ధ వ్యాసం, ఇలా ఆ ఆలోచన ఒక పద్ధతిగా నిలబడింది.

ఆ పద్ధతికి మూడు మూలాలని శిక్షణలో మీకు చెప్పే ఉంటారు. షరతులు లేని ఆదరం, సహానుభూతి, కౌన్సెలర్ లోపలా బయటా ఒకేలా ఉండటం. సాధారణంగా వీటిని క్లయింటుకు మనం ఇచ్చేవిగా నేర్పుతారు. అందుకే మీకు అది మరో బరువులా అనిపించింది, ఉన్న ఎనిమిది పనులకు తొమ్మిదోది. ఈ మూడూ మనల్ని కూడా కాపాడతాయని నేర్పేవాళ్లు తక్కువ. అది నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ఆదరం సంగతి త్వరగా చెప్పేస్తాను. మనిషి చేసిన పని నచ్చకపోయినా మనిషిని గౌరవంగా చూడగలగడం అది. ఆ గౌరవం ఉన్నచోట ‘నా మాట పాటించాడా లేదా’ అన్న పద్దు రాసుకోనక్కరలేదు. నెల తర్వాత అదే కష్టంతో వచ్చిన మనిషి మీ ఓటమికి సాక్ష్యంలా కనిపించదు. ఇంకా ఆ కష్టంలోనే ఉన్న మనిషి, మళ్లీ మిమ్మల్నే నమ్మి వచ్చిన మనిషి. అంతే.

సహానుభూతి దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎదుటివారి లోకాన్ని మన సొంత లోకంలా గ్రహించాలని, కానీ ఆ ‘లా’ను ఎన్నడూ పోగొట్టుకోకూడదని రోజర్స్ 1957 నాటి వ్యాసంలో హెచ్చరించాడు. ఆ ఒక్క అక్షరంలోనే ఉంది కౌన్సెలర్ ఆరోగ్యం. మానసిక శాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ బృందం 1997లో ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. కష్టాల్లో ఉన్న ఒక యువతి మాటలను విద్యార్థులకు వినిపించారు. ఆమెకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోమని కొందరికి, అదే కష్టం మీకు వస్తే మీకెలా ఉంటుందో ఊహించుకోమని మరికొందరికి చెప్పారు. మొదటివాళ్లలో ఆమె పట్ల ఆర్ద్రత కలిగింది. రెండోవాళ్లలో ఆర్ద్రతతో పాటు సొంత కలవరం కూడా రేగింది. చూడండి, ఇద్దరూ విన్నది అవే మాటలు. తేడా అంతా వినేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దాంట్లో ఉంది. ఓల్గా క్లిమెకి, టానియా సింగర్ 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఎదుటివారి బాధను తాము కూడా అనుభవించేలా సాధన చేయించినప్పుడు అభ్యాసకుల మనసు కుంగింది. బాధపడే మనిషి పట్ల కరుణను సాధన చేయించినప్పుడు తిరిగి కుదుటపడింది.

‘ఈవిడ స్థానంలో నేనుంటే’ అని మీరు రోజుకు ఎన్నిసార్లు అనుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. మంచి మాటలాగే ఉంటుంది, చిన్నప్పటి నుంచి మనకు నేర్పినదే. కానీ ఆ స్థానంలోకి మీరు వెళ్లి కూర్చుంటే ఆవిడను అక్కడి నుంచి లేపేసినట్టే. ఇక అక్కడ ఏడుస్తున్నది మీరు, మీ భయాలు. ‘ఈవిడకు ఇది ఎలా ఉంది?’ అన్న ప్రశ్నలో ఆవిడ ఆవిడగానే ఉంటుంది, మీరు మీరుగానే ఉంటారు. సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్లేందుకు ఒక మనిషి మిగులుతుంది.

ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో రోజర్స్ జీవితమే చెబుతుంది. చికాగో విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ కేంద్రం నడుపుతున్న రోజుల్లో, 1940ల చివర్లో, తీవ్రమైన మానసిక కల్లోలంలో ఉన్న ఒక క్లయింటుతో ఆయన చాలాకాలం పనిచేశాడు. సహాయం చేసి తీరాలన్న పట్టుదలతో తన హద్దులు తానే పోగొట్టుకున్నాడు. ఆవిడ ఎక్కడ ముగుస్తుందో తాను ఎక్కడ మొదలవుతాడో తెలియని స్థితి. చివరికి ఆ క్లయింటును మరొకరికి అప్పగించి, భార్యతో కలిసి ఊరు విడిచి రెండు మూడు నెలలు దూరంగా ఉండిపోయాడు. తిరిగి వచ్చాక తన దగ్గర పనిచేసే సహోద్యోగి దగ్గరే తాను క్లయింటుగా కూర్చున్నాడు. ఈ సంగతి ఆయన దాచుకోలేదు, తన జీవితకథలో తానే రాశాడు. పద్ధతిని కనిపెట్టిన మనిషే ఇలా పడిపోయాడంటే, తొమ్మిదేళ్లకు మీరు అలసిపోవడంలో సిగ్గుపడవలసింది ఏముంది? ఆయన లేచిన తీరు కూడా గమనించండి. గుండె బండ చేసుకోలేదు. తనను వినే మనిషిని వెతుక్కున్నాడు.

ఇక మూడోది, లోపలా బయటా ఒకటిగా ఉండటం. విమానాల్లో పనిచేసే పరిచారికలను దగ్గరగా చూసిన ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త, లోపల లేని భావాన్ని ముఖానికి తెచ్చుకోవడం కూడా ఒక శ్రమేనని 1983లో రాసింది. తర్వాత జరిగిన పరిశోధనలు ఆ పైపై నటనకూ మానసిక అలసటకూ సంబంధం ఉందని పదేపదే చూపాయి. కౌన్సెలర్లకు ఇది అచ్చంగా వర్తిస్తుంది. లోపల విసుగు, బయట చిరునవ్వు, పైగా ‘ఊ’ కొట్టడం. ఆ ‘ఊ’ వినడం కాదమ్మా. ఎదుటివాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది కూడా.

ఒకటిగా ఉండటం అంటే మనసులోకి వచ్చినదంతా మొహాన అనేయడం కాదు. ముందు మనకు మనం ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఎదుటి మనిషికి ఉపయోగపడుతుందనుకుంటే, గౌరవంగా చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన నాలుగో ఏట, భార్య పోయిన ఒక పెద్దాయన వారం వారం వచ్చేవారు. నడకకు వెళ్లండి, స్నేహితులను కలవండి, ఏదైనా వ్యాపకం పెట్టుకోండి అని చెబుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ‘బాబూ, మీరు నన్ను తొందరగా బాగుచేయాలని చూస్తున్నారు. నాకేమో ఆవిడ గురించి మాట్లాడాలని ఉంది’ అన్నారు. నేను జవాబు వెతుక్కోలేదు. ‘నిజమేనండీ. మీ బాధ చూస్తుంటే నాకు కంగారుగా ఉంటోంది, అందుకే తొందరపడుతున్నాను. చెప్పండి, ఆవిడ ఎలా ఉండేవారు?’ అన్నాను. ఆ రోజు ఆయన గంటసేపు మాట్లాడారు. వాకిలి దాటుతున్నప్పుడు ఆయన నడకలో తేడా కనిపించింది. నాలో వచ్చిన తేడా ఆయన చూడలేదు కానీ, ఎన్నో నెలల తర్వాత ఆ సాయంత్రం నాకు మెడ నొప్పి లేదు.

ఈ పద్ధతి పట్టుకుంటే అలసట మాయమవుతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. రోజర్స్ పనిచేసిన ఆ రోచెస్టర్‌లోనే, చాలా దశాబ్దాల తర్వాత, 70 మంది వైద్యులకు శ్రద్ధగా ఉండటం, శ్రద్ధగా వినడం, తమ అనుభవాలను తోటివారితో చెప్పుకోవడం మీద శిక్షణ ఇచ్చారు. ఎనిమిది వారాలు వారం వారం, తర్వాత పది నెలలు నెలకొకసారి. 2009లో వెలువడిన ఫలితాల్లో వాళ్ల బర్న్‌అవుట్ తగ్గింది, రోగుల పట్ల సహానుభూతి పెరిగింది. పోల్చి చూడటానికి శిక్షణ పొందని బృందం లేదు, అది అచ్చంగా రోజర్స్ పద్ధతీ కాదు. కాబట్టి దాన్ని తిరుగులేని రుజువు అనను. కానీ సహానుభూతి పెరిగితే అలసట పెరుగుతుందన్న మీ భయానికి అది గట్టి జవాబు. అక్కడ ఒకటి పెరుగుతూ ఉంటే రెండోది తగ్గింది.

రేపు ఏం చేయాలి? ప్రతి మనిషి వచ్చి కూర్చున్నాక మొదటి రెండు నిమిషాలు కలం పట్టుకోకండి. రెండే నిమిషాలు. మధ్యలో అడ్డు తగలకుండా ఉంటే రోగులు ఎంతసేపు మాట్లాడతారని స్విట్జర్లాండ్‌లో 335 మంది మీద లెక్క తీశారు. 2002లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం సగటున 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే తాము చెప్పదలచింది ముగించారు. వింటే గంటలు పడుతుందన్న మన భయం చాలావరకు ఉత్తదే. కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ పట్టవచ్చు, ఇవ్వండి. ఆ తర్వాత మీరు మొదటగా చెప్పేది సలహా కాకుండా చూసుకోండి. మీకు అర్థమైనది ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి. తప్పుగా అర్థమైతే ఆవిడే సరిదిద్దుతుంది. దానికి భయపడకండి, ఆ సరిదిద్దడంలోనే అసలు సంగతి బయటపడుతుంది. ‘నిజమే, కానీ’ అన్న మాట వినబడగానే తాడు వదిలేయండి. ‘నేను తొందరపడినట్టున్నాను, మీకు ఏది కుదురుతుందనిపిస్తోంది?’ అని అడగండి. వారం పాటు రోజుకు ఎన్ని ‘నిజమే, కానీ’లు విన్నారో ఒక కాగితం మీద గీతలు గీయండి. మీ అలసట ఏ రోజు ఎక్కువగా ఉందో ఆ గీతలతో పోల్చుకోండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లతో చేయించే పని ఇదొక్కటే, చాలామందికి మిగతా పాఠమంతా ఆ కాగితమే చెప్పింది.

ఒక మినహాయింపు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన చెప్పినా, పిల్లలకో మరెవరికో హాని జరుగుతోందని తెలిసినా, అక్కడ ఎదుటివారి దారి వారే వెతుక్కుంటారని కూర్చోకూడదు. నేరుగా అడగాలి, పై అధికారికి చెప్పాలి, వైద్యులనో రక్షణ వ్యవస్థనో రంగంలోకి దించాలి. అలాగే అడిగినవారికి సమాచారం ఇవ్వడం తప్పు కాదు. ఏ కార్యాలయానికి వెళ్లాలి, ఏ కాగితాలు కావాలి అని అడిగితే చెప్పండి. వద్దన్నది అడగని సలహా. రోజర్స్ చెప్పిన మూడు గుణాలే చాలునా అన్న వాదన ఇప్పటికీ ఉంది. అవి లేకుండా ఏదీ పనిచేయదని నా నమ్మకం, ప్రతి కష్టానికీ అవే చాలవని నా అనుభవం.

ఇంకో సంగతి మీ చేతిలో లేనిది. రోజుకు ఏడెనిమిది మంది ఎక్కువ. మాస్లాక్, మైఖేల్ లైటర్ కలిసి పనిచోట ఆరు విషయాలు చూడాలన్నారు. పని భారం, పని మీద మన అదుపు, దక్కే గుర్తింపు, తోటివారి మధ్య బంధం, న్యాయం, మన విలువలకూ సంస్థ విలువలకూ పొంతన. కౌన్సెలర్ ఎంత బాగా విన్నా, ఈ ఆరూ కుంటుతుంటే పడిపోతుంది. మూడు రోజుల శిక్షణ ఇచ్చి పని భారం అలాగే ఉంచితే ఆ శిక్షణ కొత్త నింద అవుతుంది. ‘చెప్పాం కదా, మీరే సరిగా వినడం లేదు’ అంటారు. ఆ నిందను మీరు తీసుకోవద్దు. పై అధికారిని మూడు విషయాలు అడగండి. ఇద్దరు క్లయింట్ల మధ్య కనీసం పది నిమిషాల విరామం. రెండు వారాలకొకసారి మీ కేసుల గురించి, వాటి వల్ల మీకేమవుతోందో దాని గురించి అనుభవజ్ఞులతో మాట్లాడుకునే సమయం. అది తప్పులెన్నే సమావేశం కాకూడదు, మీరు క్లయింటును ఎలా వినాలో అలా మిమ్మల్ని వినాలి. మూడోది ఆ ఫైలు. ‘ఇచ్చిన సలహా’ అన్న గడి తీసేసి, ‘క్లయింటు ఏం చేయాలనుకుంటున్నారు’ అని పెట్టమనండి. చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ ఆ గడి ఉన్నంతకాలం మీ చేయి అటే వెళుతుంది. అది మీ పొరపాటు ఒక్కటే కాదు, ఆ కాగితం మీకు నేర్పిన అలవాటు. పై అధికారి ఒప్పుకోకపోతే తోటి ఉద్యోగిని దగ్గర మొదలుపెట్టండి. వారానికి అరగంట, ఒకరు మాట్లాడితే ఒకరు వినడం, సలహాలు లేకుండా. గుండె బండ చేసుకున్న ఆవిడకు మీకన్నా ఎక్కువ అవసరం ఉందేమో.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, సెలవు రోజున కూడా దేని మీదా మనసు లేకపోవడం, బతుకు మీదే విరక్తి, వీటిలో ఏదైనా రెండు వారాలకు మించి ఉంటే ఇది పని అలసట అని సరిపెట్టుకోకండి. అది కుంగుబాటు కావచ్చు. మానసిక వైద్యులను కలవండి. బతుకు మీద విరక్తి అయితే రెండు వారాలు కూడా ఆగవద్దు.

ఆ ఏడ్చిన ఆవిడ మళ్లీ వస్తే, లేదా మీరు కబురు చేయగలిగితే, కలం సొరుగులో పెట్టి ఇలా అనండి. ‘ఆ రోజు మీరు చెబుతూ ఉండగానే నేను రాసేశాను. మీరు చూశారు. చాలా అలసిపోయి ఉన్నాను, కానీ అది మీ తప్పు కాదు. అప్పుడు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి చెప్పండి.’ ఆ తర్వాత ఆవిడ ఏమంటుందో వినండి. ఏమీ అనకపోతే ఆ మౌనంలోనే కాసేపు కూర్చోండి.

ఈ రాత్రికి మీ అమ్మాయిని, ‘పొద్దున ఏదో చెప్పబోయావు, ఏమిటది?’ అని అడగండి.